బాతులమెరక చప్పుడు పరీక్ష

మా సరస్సులో పక్షులకు నిద్ర చాలడం లేదని ప్రభుత్వం వారు కనిపెట్టిన ఏడాది, బాతులమెరకకు నేనే పెద్దను. అందువల్ల ఆ తర్వాత జరిగిన దాంట్లో సగం తప్పు నాది. మిగతా సగం కూడా నాదేనని మా ఆవిడ నాంచారమ్మ అంటుంది. ఆవిడతో వాదించి గెలిచినవాళ్లు మా మెరకలో లేరు. నేను అసలు వాదించను.

బాతులమెరక అంటే సరస్సు నడుమ నీళ్లకు కాస్త ఎత్తుగా ఉన్న దిబ్బ. నలభై మూడు ఇళ్లు, ఇంటికొక దోనె. దోనె అంటే తాటిమొద్దును తొలిచి చేసుకున్న పడవ. మాకు పొలాలు లేవు. తట్టువేట ఒక్కటే ఉంది. నాచు దట్టంగా ఉన్నచోట ఒక పక్క వల కట్టి, రెండో పక్క నుంచి దోనెలు వరసగా వస్తాయి. ప్రతివాడూ తాటిమట్ట ముక్కతో దోనె అంచు మీద తడతాడు. రెండుసార్లు నిదానంగా, మూడోసారి గట్టిగా. కొరమేను బురదలో పడుకునే చేప. ఆ చప్పుడు చెక్క గుండా నీళ్లలోకి దిగితే లేచి ముందుకు పరిగెడుతుంది. తొందరపడి తడితే బెదిరి ఇంకా లోతుకు పోతుంది. బద్ధకంగా తడితే మన కిందనుంచే వెనక్కి జారుకుంటుంది. ఇంతే విద్య. ఇది నాకు యాభై ఏళ్లుగా తెలుసు. మూడో తరగతి దాకా చదివిన చదువు దీనికి అడ్డం రాలేదు.

నాకు పెద్దరికం రావడానికి కారణం నేను మాట్లాడకపోవడం. మా మెరకలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా ఏదైనా అడిగినప్పుడు ఇష్టమైతే పెద్ద "కానీండి" అంటాడు. ఇష్టం లేకపోతే నీళ్లకేసి చూస్తూ ఊరుకుంటాడు. "కాదు" అనే మాట ఎవరి మొహం మీదా అనరు. అడిగినవాడు కాసేపు నిలబడి, తలపాగా సర్దుకుని వెళ్లిపోతాడు. ఈ పద్ధతికి నాకన్నా తగినవాడు దొరకడని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

ఆ ఏడు చలి మొదలవుతుండగా, పక్షి ప్రశాంతతా మండలి ప్రత్యేకాధికారి చక్రధరరావు గారు మోటారు లాంచీలో వచ్చారు. ఆ లాంచీ చప్పుడుకు కొంగలన్నీ లేచిపోయాయి. మైకు కట్టించుకుని నిశ్శబ్దం గొప్పతనం గురించి గంటసేపు చెప్పారు. చివర్లో కాగితం తీశారు.

"గౌరవనీయులైన సరోవర వాసులారా! విహంగ జాతుల విశ్రాంతి హక్కును పరిరక్షించు దిశగా ఈ సరోవరమును నిశ్శబ్ద మండలముగా ప్రకటించుటకు ప్రతిపాదించడమైనది. పద్నాలుగు అంశములు గల ముసాయిదాపై అభ్యంతరములున్న యెడల ఇప్పుడే తెలియజేయవలెను."

జనం నావైపు చూశారు. అంశాలు చదువుతున్నప్పుడే తొమ్మిదోదాంట్లో తట్టువేట పేరు నేను విన్నాను. నీళ్లకేసి చూశాను. మామూలుకన్నా ఎక్కువసేపే చూశాను, ఆయనకు బాగా అర్థం కావాలని.

చక్రధరరావు గారు చిరునవ్వు నవ్వి, కాగితం మీద ఏదో రాసుకుని, లాంచీ ఎక్కారు.

"బలేగా కొట్టిపారేసేవు మావా!" అన్నాడు నా మేనల్లుడు ఏడుకొండలు. మెరకలో తట్టువేటకు వాణ్ణి మించినవాడు లేడు. "నువ్వు నీళ్లకేసి సూత్తావుంటే ఆ బాబు మొకం సూడాల. పాపం, ఏం సేత్తాడు, నవ్వేసి పోయేడు."

ఆ పూట నాంచారమ్మ కొరమేను పులుసు పెట్టింది. రెండుసార్లు వడ్డించింది.

పదిహేను రోజుల తర్వాత రేవులో పచ్చబోర్డు దిగింది. నేనే కూడబలుక్కుని చదివాను. స్థానిక పెద్ద సమక్షంలో, ఏకగ్రీవ ఆమోదంతో, నిశ్శబ్ద మండలం ఏర్పడినదట. చప్పుడు నలభై డెసిబెల్స్ దాటరాదట. తట్టువేట సంపూర్ణంగా నిషేధమట.

"ఏకగ్రీవం అంటే ఏంటి మావా?" అన్నాడు ఏడుకొండలు.

"అందరూ ఒప్పుకోవడం."

"ఎవురొప్పుకున్నారు?"

నేను నీళ్లకేసి చూశాను.

"ఇదిగో, ఈ సూపే," అంది నాంచారమ్మ. "ఈ సూపే మన కొంప ముంచింది."

బోర్డు వెనకాలే మురళీధర్ అనే శబ్ద పరిశీలకుడు కూడా దిగాడు. చేతిలో చిన్న యంత్రం. దాని ముందు ఎవరు దగ్గినా అంకె పైకి లేస్తుంది. అంకె నలభై దాటితే సంజాయిషీ రాసివ్వాలి, మూడు ప్రతులు. మొదటి వారంలో దగ్గుకి పదకొండు సంజాయిషీలు, కోడిపుంజులకి ఆరు పడ్డాయి. చదువుకున్నవాణ్ణి కాబట్టి అన్నీ నా చేతే రాయించారు. కోడిపుంజు తరఫున ఏం రాయాలో తెలియక "ఇకమీదట తెల్లవారినా కూయను" అని రాశాను. దాన్ని అంగీకరించారు.

నాంచారమ్మ నన్ను అన్నానికి పిలిస్తే యంత్రంలో డెబ్బై ఎనిమిది వచ్చింది. మురళీధర్ యంత్రాన్ని రెండుసార్లు తట్టి చూసుకున్నాడు. నేను సంజాయిషీ రాశాను: "నా భార్య నన్ను అన్నమునకు పిలిచినది. నేను పలకలేదు. అందుచేత రెండోసారి పిలిచినది." దానికి పై నుంచి జవాబు వచ్చింది: "మొదటిసారి పలకకపోవుటకు గల కారణములు భర్త విడిగా తెలుపవలెను." ఆ కారణాలు నలభై రెండేళ్లుగా నాంచారమ్మకే చెప్పలేకపోయాను, మండలికి ఏం చెప్పను? ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది.

నిబంధనల్లో ఒక సడలింపు ఉంది. కప్పలు, కీచురాళ్లు ప్రకృతి సహజములు గనుక వాటికి మినహాయింపు. అది చదివి చెప్పినందుకు ఇప్పటికీ విచారిస్తున్నాను. మర్నాడు ఏడుకొండలు నాచులో దోనె ఆపి, అవతలి దోనె వాణ్ణి పిలవడానికి కప్పలా బెకబెకమన్నాడు. మురళీధర్ యంత్రం చూసుకుని "కప్ప, మినహాయింపు" అని రాసుకున్నాడు. వారం తిరిగేసరికి మెరకలో మగవాళ్లంతా అదే భాష. వల పట్టమనడానికి ఒక కూత, చుట్ట ఉందా అనడానికి ఇంకో కూత. నాకు కూత కూడా సరిగా రాలేదు. "నీది కప్పలా లేదు మావా, కప్పని పాము పట్టినట్టుంది," అన్నాడు ఏడుకొండలు. నెలాఖరున మురళీధర్ నివేదిక పంపాడు: "మండలములో కప్పల సంతతి గణనీయముగా వృద్ధి చెందినది. పథకము విజయవంతము."

కొరమేను మాత్రం కప్ప కూతకు లేవదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వల కట్టుకుని ఊరికే కూర్చుంటే నాలుగు జెల్లలు, రెండు మట్టగిడసలు. అవి కూడా దారి తప్పి వచ్చినవి. ఆడవాళ్లు ఒడ్డున సంతకు తీసుకెళ్లే గంపల అడుగున తడి కూడా ఉండేది కాదు. కలువదుంపలు ఉడకేసుకుని తిన్నాం. రెండు నెలలు అలా గడిచాక ఏడుకొండలు తన దోనెను గట్టు మీదికి లాగి బోర్లించాడు. మాలో దోనె బోర్లిస్తే ఇంక ఆ ఇల్లు నీళ్లను వదిలేసినట్టే.

"ఒడ్డున రొయ్యల సెరువుల కాడ కాపలాకి పిలుత్తున్నారు మావా," అన్నాడు. "ఈ నెల సూత్తాను. తట్టువేట తిరిగొత్తే సరే. లేపోతే పెళ్లాం పిల్లల్ని తీసుకుని ఎల్లిపోతా. నా ఎనక ఇంకా పదిళ్లోళ్లున్నారు."

అది నా మూలాన వచ్చిందని వాడు అనలేదు. అని ఉంటే బాగుండేది.

సరిగ్గా అప్పుడే నాకు గౌరవం వచ్చింది. ఎవరెంత చప్పుడు చేస్తారో తేల్చడానికి మురళీధర్ ఇంటింటికీ మూడేసి రోజులు యంత్రం పెట్టాడు. నేను ఒక్కణ్ణే ఇంట్లో ఉన్నప్పుడు, ఎవరూ లేని ఇంట్లో వచ్చే అంకే వచ్చిందట. సరస్సు మొత్తానికి నన్ను "మౌనమిత్ర"గా ఎంపిక చేశారు. ఒడ్డున పట్నంలో సభ, శాలువా. మౌనం మీద నేను పది నిమిషాలు ప్రసంగించాలని ఆహ్వాన పత్రికలోనే అచ్చు వేశారు.

మెరకంతా కదిలింది. ఏడుకొండలు నా భుజాలు పట్టుకుని చెప్పాడు. "దేవుడిచ్చిన మైకు మావా! పెద్ద పెద్దోళ్లంతా ముందు కూకుంటారు. పది నిమిసాలొద్దు. రెండే రెండు మాటలు. తట్టువేట మాకియ్యండి. అనేసి దిగిపో."

మూడు మాటలు కాదు కదా అని లెక్క చూసుకున్నాను. రెండే. దారి పొడుగునా మనసులో అనుకుంటూ పోయాను. తట్టువేట మాకియ్యండి. తట్టువేట మాకియ్యండి. బాగానే వస్తోంది.

మైకు ముందు నిలబడ్డాను. మొదటి మాట గొంతు దాకా వచ్చింది. ముందు వరసలో చక్రధరరావు గారు తల ఊపుతూ ప్రోత్సహించారు. వెనక వరసలో మా వాళ్లు నలభై మంది, కట్టుకున్నవాటిలో మంచివి కట్టుకుని కూర్చున్నారు. ఏడుకొండలు పెదాలు కదిపి చూపిస్తున్నాడు. నా నోరు ఎందుకు కదల్లేదో ఇప్పటికీ చెప్పలేను. ఏ మాటా ఎవరి మొహం మీదా అనని మనిషి, అంతమంది మొహాలు ఒక్కసారి ఎదురైతే ఏం చేస్తాడు? మూడు నిమిషాలు గడిచాయి. అయిదు గడిచాయి. సభలో ఒక్కరూ కదల్లేదు. పది నిమిషాలకు గంట కొట్టారు. నేను దిగిపోయాను.

సభంతా లేచి చప్పట్లు కొట్టింది. చక్రధరరావు గారు కళ్లు తుడుచుకున్నారు.

"నా ముప్పై సంవత్సరముల సేవాకాలంలో ఇటువంటి సంపూర్ణమైన ప్రసంగము వినలేదు. విషయము నుండి ఒక్క క్షణమైనా పక్కకు పోలేదు," అన్నారు.

తిరుగుదారిలో నాతో ఎవరూ మాట్లాడలేదు. రేవులో దిగాక నాంచారమ్మ ఒక్క మాట అంది.

"శాలువా బాగుంది."

నలభై రెండేళ్లలో ఆవిడ నన్ను తిట్టిన తిట్లన్నీ కలిపినా దానికి సరిపోవు.

మర్నాడు పొద్దున్నే అంతా రేవులో కూడారు. ఏడుకొండలే మొదలుపెట్టాడు. "మావా, నీ మీద మాకు కోపం లేదు. నీకు పెద్దరికం బరువైపోయింది, దింపుకో. అత్తా, ఇకన్నుంచి నువ్వుండు పెద్ద."

"ఆడదాన్ని పెద్దగా పెట్టుకుంటారంట్రా? ఎక్కడన్నా ఉందా?"

"నీకు డెబ్బయ్యెనిమిది ఉంది అత్తా. మాకిప్పుడు కావాల్సింది అదే."

అందరూ నావైపు చూశారు. నేను "కానీండి" అన్నాను. ఆ మాట మాత్రం సులభంగానే వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అప్పటికే సరస్సులో గూడబాతులు కనిపించడం మానేశాయి. మేం తట్టువేట ఆడేటప్పుడు వల తప్పించుకున్న చేపలు నీటి పైకి తేలేవి. గూడబాతులు మా దోనెల వెనకే వచ్చి వాటిని ముక్కున కరుచుకునేవి. ఆ చప్పుడు లేదు, తేలే చేపలు లేవు. అవి అవతలి ఒడ్డున రొయ్యల చెరువుల దగ్గరికి పోయాయి. అక్కడ నీళ్లకు గాలి పట్టించే మరల మోటార్లు రాత్రింబవళ్లు హోరెత్తుతుంటాయి. అయినా అక్కడే ఉంటున్నాయి.

చక్రధరరావు గారు కంగారుగా వచ్చారు. "నూటికి నూరు శాతం నిశ్శబ్దం సాధించినాము. పక్షులు మాత్రము పథకమునకు సహకరించుట లేదు. ఇది అత్యంత విచారకరము."

నాంచారమ్మ ఆయన ముందు నిలబడింది. "మీ పచ్చులు ఇక్కడికి నిద్రకొచ్చేయా బాబూ? కూటికొచ్చేయి. మేం తడితే సేప లేత్తాది. మాకు పది, దానికి నాలుగు. మా నోరు మీరు నొక్కేరు, దాని నోటికాడది పోయింది. ఇంక ఈడేటుందని ఉంటది?"

మురళీధర్ యంత్రం చూసి, ఎనభై ఒకటి అని చిన్నగా చెప్పాడు. చక్రధరరావు గారు చెయ్యి ఊపి వాణ్ణి ఆపారు. ఆయన నిజంగానే ఆలోచనలో పడ్డారు. నెల తిరక్కుండా కమిటీ వేశారు, నివేదిక తెప్పించారు, కొత్త ఉత్తర్వు తీసుకొచ్చారు. సరోవరములో "నియంత్రిత ఆహార ప్రేరక శబ్దము" అత్యవసరం. ఇందుకుగాను ఆరు శబ్ద సహాయక పోస్టులు మంజూరు. పని: దోనె అంచుపై కర్రతో తట్టుట. విద్యార్హత: పదో తరగతి ఉత్తీర్ణత.

మా మెరకలో అందరికన్నా పెద్ద చదువు నాదే, మూడో తరగతి. ఆరుగురూ పట్నం నుంచే వచ్చారు. మంచి పిల్లలే, మర్యాదస్తులు. మొదటి రోజు దోనెలో నిలబడబోయి నలుగురు నీళ్లలో పడ్డారు. రెండో రోజు కూర్చుని తట్టారు. పెళ్లి ఊరేగింపులో బ్యాండు వాయించినట్టు తట్టారు. కొరమేను దేవుడెరుగు, ఉన్న కప్పలు కూడా వెళ్లిపోయాయి.

నాంచారమ్మ మళ్లీ పట్టుకుంది. లాంచీ తాడు రేవు గుంజకు కట్టేసి, ఆయన్ని కదలనివ్వలేదు.

"మావోళ్లని పెట్టుకోండి బాబూ."

"విద్యార్హత లేనివారిని నియమించుటకు వీలులేదమ్మా."

"మరేటి సెయ్యొచ్చో ఆ పుస్తకంలో సూడండి."

చక్రధరరావు గారు నిబంధనల పుస్తకం తిరగేశారు. పెద్ద పుస్తకం. నాంచారమ్మ ఎండలో అలాగే నిలబడింది. చాలాసేపటికి ఆయన మొహం వెలిగింది.

"శిక్షణార్థులుగా తీసుకొనవచ్చును. శిక్షణార్థులకు విద్యార్హత ప్రస్తావన ఎక్కడా లేదు. రోజూ ఉదయం మూడు గంటలు శిక్షణ. ఈ ఆరుగురు సహాయకులు గట్టుపై నుండి పర్యవేక్షించెదరు."

"సిచ్చనలో వల కట్టుకోవచ్చా?"

"శిక్షణా సామగ్రి. కట్టుకొనవచ్చును."

"మరి వల్లో పడ్డ సేపలు?"

ఆయన మళ్లీ పుస్తకం చూశారు. "అవి శిక్షణా వ్యర్థములు. ఏ రోజు వ్యర్థములు ఆ రోజు శిక్షణార్థులే సొంత బాధ్యతపై తొలగించవలెను."

"తొలగిత్తాం బాబూ," అంది నాంచారమ్మ, గొంతు బాగా తగ్గించి. "ఒక్కటి మిగల్చకుండా తొలగిత్తాం."

"అయితే సంవత్సరాంతమున పరీక్ష ఉండును. ఉత్తీర్ణుల శిక్షణ ముగిసినట్లే. విద్యార్హత లేదు గనుక ఉద్యోగమూ ఉండదు. వారిక సరోవరములో తట్టరాదు."

"ఫెయిలైనోళ్లు?"

"మరల ఒక సంవత్సరము శిక్షణ పొందవలెను. ఎన్నిసార్లయినా."

ఆవిడ తాడు విప్పింది.

ఆ ఏడు మళ్లీ కొరమేను తిన్నాం. ఏడుకొండలు దోనె నీళ్లలోకి దిగింది. గూడబాతులు వెనక్కి వచ్చాయి, మండలి వారికి పైనుంచి మెప్పు వచ్చింది. పరీక్ష దగ్గర పడ్డాక నాంచారమ్మ అందర్నీ కూడేసింది.

"ఒక్కడు పాసయితే ఒక్క దోనె పోయినట్టు. అందరూ ఫెయిలవ్వాల. సిగ్గుపడకండి."

చెప్పినంత తేలిక కాదది. చిన్నప్పటి నుంచి చేతికి అంటుకున్న తట్టు. తప్పుగా తట్టడం ఏడుకొండలు వారం రోజులు నేర్పాడు. పట్నం పిల్లల్ని గట్టు మీద నిలబెట్టి, వాళ్లను చూసి నేర్చుకోమన్నాడు. వాళ్లు సంతోషంగా తట్టి చూపించారు.

పరీక్ష రోజు లాంచీ నాచు అంచున ఆగింది. ఒక్కొక్కణ్ణే పిలిచారు. మా వాళ్లు గొప్పగా ఫెయిలయ్యారు. ఒకడు కర్ర తిరగేసి పట్టుకున్నాడు. ఒకడు దోనెకు బదులు నీళ్లను తట్టాడు. ఏడుకొండలు దోనెలోంచి జారి పడి, ఈత రానట్టు కాసేపు మునిగి తేలాడు. చక్రధరరావు గారు అయ్యో అంటూ సున్నా వేశారు. ఒడ్డున ఆడవాళ్లు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

చివరికి నా పేరు పిలిచారు.

"ఏవయ్యోవ్, జాగర్త," అంది నాంచారమ్మ.

"ఊ," అన్నాను.

దోనె తోసుకుంటూ వెళ్లి, అనుకున్నట్టే మొదలుపెట్టాను. బ్యాండులాగా, తొందరతొందరగా. నాకే అసహ్యం వేసింది, కానీ తట్టాను. చక్రధరరావు గారు పెన్ను తీశారు. అప్పుడు నాచులో, నా దోనెకు రెండు బారల దూరంలో, రెండు బుడగలు తేలాయి. పక్కన ఇంకో రెండు. కొరమేను ఊపిరి అది. ఒకటి కాదు, మంద.

తర్వాత జరిగింది నాకు బాగా గుర్తులేదు. రెండు నిదానంగా, మూడోది గట్టిగా. రెండు నిదానంగా, మూడోది గట్టిగా. నాచు కదిలింది, నీళ్లు చీలాయి, వల ఉబ్బి గుంజలు వంగాయి. మోచెయ్యంత కొరమేను ఒకటి ఎగిరి లాంచీలో చక్రధరరావు గారి పుస్తకం మీద పడింది. గూడబాతులు పది దిగాయి.

"అద్భుతం! ప్రథమ శ్రేణి!" ఆయన లేచి నిలబడ్డారు. "మౌనమిత్ర గారూ, మీరు ఉత్తీర్ణులైనారు."

ఒడ్డున నాంచారమ్మ నుదురు కొట్టుకున్న చప్పుడు నాకు అక్కడికి వినిపించింది. నాకు నోరు వచ్చింది. సభలో రాని నోరు అప్పుడు వచ్చింది.

"బాబూ, అది నేను కాదు బాబూ. చెయ్యి తట్టేసింది. నాకేం రాదు. సున్నా వెయ్యండి. మీకు దణ్ణం పెడతాను, సున్నా వెయ్యండి!"

యాభై ఏళ్లలో నేను ఒక్క దఫా మాట్లాడిన మాటల్లో అవే ఎక్కువ.

"ఎంత వినయము!" అన్నారు చక్రధరరావు గారు, మార్కులు వేస్తూ.

ఆ విధంగా మా మెరక మొత్తానికి నేనొక్కణ్ణే పాసయ్యాను. మూడో తరగతి తర్వాత నేను పాసయిన పరీక్ష ఇదొక్కటే. ఇప్పుడు నేను సరస్సులో తట్టకూడదు. నాంచారమ్మే నా దోనె తీసుకుని సంతకు వెళ్తుంది. మిగతావాళ్లు పోయిన ఏడూ ఫెయిలయ్యారు, ఈ ఏడూ ఫెయిలయ్యారు. వచ్చే ఏడు ఇంకా బాగా ఫెయిలవుతామని ఏడుకొండలు అంటున్నాడు.

నేను అరుగు మీద కూర్చుంటాను. పొద్దున్నే ఎండ రాకముందు మొదలవుతుంది. నలభై రెండు దోనెలు వరసగా శిక్షణ పొందుతున్న చప్పుడు. అందులో కుడి చివర ఒకడు కొంచెం తొందరపడుతున్నాడు. చెబుదామనుకుంటాను. ఆ తొందర నయమైతే వాడు పాసైపోతాడు. ఊరుకుంటాను.